తలుపు వేసి ఉన్న ఇళ్ళు

లెక్క తప్పు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. పదకొండుసార్లు కూడి చూశాను, ఒక్కసారి కూడా తేడా రాలేదు. కూడికలో తప్పు దొరికి ఉంటే దాన్ని పట్టుకుని హాయిగా ఏడ్చేదాన్ని. దొరకలేదు. తప్పు చేసింది నేను, లెక్క కాదు.

నా పేరు జ్ఞానవతి. పోర్ట్ బ్లెయిర్‌లో జబ్బుల మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసులో గణాంకాలు చూసేదాన్ని. డాక్టర్లు రోగుల్ని చూస్తారు, ల్యాబ్ వాళ్ళు రక్తం చూస్తారు, నేను కాగితాలు చూస్తాను. ఎంతమందిని అడిగితే ఎంతమందికి జబ్బుంది, ఏ బస్తీలో ఎక్కువ, ఏ బస్తీలో తక్కువ, ఇది తేల్చడం నా పని. మా నాన్న పంతొమ్మిదివందల యాభైల్లో కాకినాడ నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ గుమాస్తాగా కుదురుకున్నాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, లంబాలైన్ పేటలో. విశాఖపట్నంలో చదువు ముగించుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చాను. మా ఆఫీసులో తెలుగు వచ్చిన ఆఫీసర్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఎవర్నీ మరిచిపోనివ్వలేదు కూడా.

తొంభైమూడులో వానలు మొదలయ్యాక ఒక జ్వరం పట్టుకుంది. కళ్ళు ఎర్రబడేవి, పిక్కలు పట్టేసి మనిషి నడవలేకపోయేవాడు, కొందరికి నాలుగైదు రోజులకి దగ్గులో రక్తం పడేది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో తిరిగేవాళ్ళకి ఇది వస్తుందని మా డాక్టర్ హల్దార్ పట్టుకున్నాడు. వానాకాలమంతా వారానికొక మాత్ర వేస్తే ఆపొచ్చునని కూడా ఆయనకి నమ్మకం. కానీ మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన మాత్రలు అన్ని బస్తీలకీ చాలవు. అందుకని ఎనిమిది బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి అడుగుదామనుకున్నాం. వంద ఇళ్ళలో పది దాటి జ్వరం ఉన్న చోట మాత్రలు పంచుతాం. దాటని చోట పంచం. ఆ పది అనే గీత గీసింది నేనే.

ఆ ఎనిమిదింటిలో మూడు మన తెలుగు చేపలవాళ్ళ బస్తీలు. అందులో పెద్దది వండూర్ దగ్గరిది, నూట నలభై ఇళ్ళు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి పడవలూ వలలూ వేసుకుని అరవైల్లో వచ్చినవాళ్ళు.

"జ్ఞానవతీ, వాళ్ళు మీవాళ్ళు కదా, అక్కడికెలా వెళ్ళాలో నువ్వే చెప్పు" అన్నాడు హల్దార్. మేం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఆ మూడు బస్తీలకీ సూచనల కాగితం నేనే తయారు చేస్తానన్నాను. చేశాను కూడా. చక్కటి చేతిరాత నాది.

వండూర్‌లో ఇల్లిల్లూ తిరిగింది పుష్పవతి. మా చర్చి మనిషే, హెల్త్ వర్కరు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. మొదటి రోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"అక్కా, చాలా ఇళ్ళకి వేపమండలు కట్టున్నాయే. కళ్ళెర్రగా జ్వరమొస్తే అమ్మవారు పోసిందనుకుంటున్నారు. బయటోళ్ళు లోపలికెళ్ళకూడదు. ఏం చెయ్యను చెప్పు?"

చదువుతున్నవాళ్ళకి తెలియకపోతే చెబుతాను. ఇంట్లో అమ్మవారు ఉందనుకుంటే గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ ఇంట్లో తాలింపు వెయ్యరు, సూది వేయించరు, పరాయివాళ్ళని గడప దాటనివ్వరు. మేం క్రైస్తవులమైనా ఈ సంగతులన్నీ మాకు తెలుసు, పక్కపక్కనే బతికాం కాబట్టి. నా చిన్నప్పుడు మా పాస్టరు గారి అత్తగారు ప్రార్థన చేస్తానని అలాంటి ఒక ఇంట్లోకి దూసుకెళ్ళింది. ఆ తర్వాత రెండు నెలలు కొళాయి దగ్గర మా ఆడవాళ్ళ బిందెల్ని ఎవరూ వరసలో పెట్టనివ్వలేదు. నేనూ ఖాళీ బిందెతో తిరిగొచ్చినదాన్నే.

"వాటి జోలికెళ్ళకు. దాటేసి పక్కింటికి వెళ్ళిపో" అన్నాను.

"మరి కాగితంలో ఏం రాయను?"

సర్వే కాగితంలో, అడగలేకపోయిన ఇంటికి ఒక గడి ఉంటుంది. తలుపు వేసి ఉంటే ఒకటి వెయ్యాలి, చెప్పం పొమ్మంటే రెండు, ఇంకేదైనా అయితే మూడు వేసి ఆ కారణం రాయాలి. పుష్పవతి మూడు వేసి వేపమండ అని రాద్దామనుకుంది.

"మూడు వద్దు, ఒకటి వెయ్యి" అన్నాను. "మూడు వేస్తే మీటింగులో నేను అందరికీ వివరించాలి. ఆ డాక్టర్లందరూ మనవాళ్ళని చూసి నవ్వుతారు. మన పరువు మనమే తీసుకోవడం ఎందుకు?"

ఇదీ నేను చేసింది. ఎవరో బలవంతపెడితే చేసింది కాదు, నిద్రమత్తులో చేసింది కాదు. టీ తాగుతూ, పెద్దమనిషి తరహాలో, మనవాళ్ళ పరువు కాపాడుతున్నానని లోలోపల మురిసిపోతూ చేశాను.

వండూర్‌లో ముప్ఫయ్యొక్క ఇళ్ళు తలుపు వేసి ఉన్న ఇళ్ళయ్యాయి. అలాంటి ఇళ్ళని లెక్కలోంచి తీసేయడం అందరూ చేసేదే. తలుపు వేసి ఉన్న ఇల్లూ తీసి ఉన్న ఇల్లూ ఒకలాంటివే అయితే అందులో దోషం లేదు. మిగిలిన నూటతొమ్మిది ఇళ్ళలో ఆరింట్లో జ్వరం. వందకి ఐదున్నర. పది దాటలేదు. మిగతా రెండు తెలుగు బస్తీల హెల్త్ వర్కర్లకీ అదే చెప్పాను, అవీ దాటలేదు. మిగిలిన ఐదు బస్తీలకీ మాత్రలు వెళ్ళాయి. జ్వరం ఉన్న ఇళ్ళనే ఏరి పక్కన పెట్టి, ఈ బస్తీలో జ్వరం లేదని నేను సంతకం చేశాను.

*

కామమ్మ వారానికి రెండుసార్లు మా ఇంటికి చేపలు తెచ్చేది. వండూర్ నుంచి మొదటి బస్సులో గంప దించుకుని, లంబాలైన్‌లో నాలుగిళ్ళు తిరిగి, ఎండ ముదరకముందే వెళ్ళిపోయేది. మనిషి సన్నం, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. నాతో బేరం ఆడటమంటే ఆమెకి సరదా.

"ఓలమ్మ, ఈ సుర్మయి సేప సూడు దీదీ, కళ్ళు సూడు ఎలగున్నాయో! ఇంత పెద్ద ఆపీసరువి, నా కాడ బేరమాడతావేటి?"

భర్త పేరు అప్పలరాముడు. ఒక్కడే కొడుకు, నూకన్న, ఇరవై రెండేళ్ళవాడు, తండ్రితో పడవ మీద వెళ్ళేవాడు. సర్వే నాటికి అప్పలరాముడు కళ్ళెర్రబడి మంచం మీద ఉన్నాడు. కామమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. పుష్పవతి ఆ గుమ్మం ముందు నుంచి వెళ్ళిపోయింది, నేను చెప్పినట్టే. అప్పలరాముడు కోలుకుని లేచి తిరిగాడు. అక్టోబరులో నూకన్న పడ్డాడు. ఆరో రోజున ఆస్పత్రిలో పోయాడు. రక్తపరీక్షలో అదే జబ్బని తేలింది. ఆ పరీక్ష కాగితం నా బల్ల మీదికే వచ్చింది. పేరు చదివాను, బస్తీ పేరు చదివాను. తలుపు వేసి ఉన్న ఇళ్ళు గుర్తొచ్చాయి. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

నెల తిరక్కుండానే కామమ్మ మళ్ళీ గంప ఎత్తుకుంది. గొంతు మాత్రం లేదు. గేటు దగ్గర నిలబడి నేను చూసేదాకా ఊరుకునేది. ఒకరోజు చేప ముక్కలు కోస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"బెంగాలీ బస్తీలోకి దవాయి పంచినారట గదా దీదీ. ఆళ్ళ పిల్లలందరూ బాగున్నారట. మాకేల రానేదు? నువ్వు ఆపీసులోనే ఉంతావు గదా, నీకు మాలూమే గదా."

"మాత్రలు తక్కువొచ్చాయి కామమ్మా" అన్నాను.

అది నిజమే. నిజాన్ని అంత చవగ్గా వాడుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె సరేనని తలూపి, ఎప్పుడూ లేనిది ఒక ముక్క ఎక్కువ వేసి వెళ్ళింది. ఆ తర్వాత చర్చిలో ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే తలుపులే కనిపించేవి. అవి మూసిన తలుపులు కావు, బార్లా తెరిచినవి, పైన ఆకులు వేలాడుతున్నవి.

*

మార్చిలో ఉత్తరం వచ్చింది. మాత్రల వల్ల ఎంత మేలు జరిగిందో హల్దార్, నేను కలిసి ఒక పేపరు రాసి పత్రికకి పంపాం. అచ్చు వేసేముందు పత్రికవాళ్ళు దాన్ని తెలిసిన ఇంకొకరికి చూపిస్తారు. ఆ చూసినాయన ఎవరో, ఏ ఊరివాడో మాకు చెప్పరు. ఆయన ఒక్కటే ప్రశ్న అడిగాడు. తక్కిన బస్తీల్లో తలుపు వేసి ఉన్న ఇళ్ళు నాలుగో ఐదో ఉంటే, మూడు బస్తీల్లో మాత్రం అన్నెందుకున్నాయి?

హల్దార్ చదివి నవ్వాడు. "చేపలవాళ్ళు కదా, సముద్రం మీదికి వెళ్ళుంటారు. అదే రాసెయ్. ఆ, ఈ సర్వే పట్టీని బట్టే ఈ ఏటి మాత్రల జాబితా కూడా వేసెయ్యి. ఆ అబ్బాయి చనిపోయాడు కాబట్టి వండూర్‌ని కలుపుదాం. తక్కిన రెండూ అక్కర్లేదు, అక్కడ జ్వరాలు లేవుగా."

ఎంత సులువు! సముద్రం మీదికి వెళ్ళారంటే నమ్మనివాడెవడు? ఒక్క వాక్యం రాస్తే పేపరు అచ్చవుతుంది, హల్దార్‌కి ప్రమోషనొస్తుంది, నేను చేతులు దులుపుకోవచ్చు. తక్కిన రెండు బస్తీలూ మాత్రలు లేకుండా ఇంకో వానాకాలం గడుపుతాయి. అంతే.

పుష్పవతి నింపిన అసలు కాగితాలు బీరువాలోంచి తీశాను. ముప్ఫయ్యొక్క ఒకట్లు. వాటిలో ఇరవయ్యేడింటి పక్కన, పెన్సిల్‌తో, గోరంత ఆకు బొమ్మ ఉంది.

కబురు పెడితే పుష్పవతి వచ్చింది. ఆ కాగితాలు చూసి తల దించుకుంది.

"నువ్వు ఒకటి వెయ్యమన్నావు, వేశానక్కా. కానీ మనసు ఒప్పుకోలా. ఎప్పుడైనా అడుగుతావేమోనని గుర్తు పెట్టుకున్నా. నువ్వు అడగలా."

ఆ ఇరవయ్యేడులో కొన్నింట్లో నిజంగా పొంగో, ఆటలమ్మో అయ్యుండొచ్చు. సగమే ఈ జ్వరమనుకుని మళ్ళీ లెక్క కట్టాను. వందకి పదమూడు దాటింది. అన్నీ అనుకుంటే ఇరవై మూడు. ఎటు చూసినా నా గీత దాటింది. మాత్రలు వెళ్ళి ఉండాల్సింది. ఆ సాయంత్రమే నూకన్న వేసుకోవాల్సిన మాత్రలు కూడా లెక్కపెట్టాను. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, పదకొండు.

మర్నాడు హల్దార్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పాను. నీళ్ళు నములుతూ చెప్పాను, చివరికి ఏడ్చాను కూడా. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నేను నవ్వుతాననుకున్నావా?" అన్నాడు.

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"మా ఊళ్ళోనూ కడతారు జ్ఞానవతీ. శీతలా మాత అంటాం. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ నన్ను వేపాకుల మీదే పడుకోబెట్టింది. మొన్న సర్వేలో బెంగాలీ బస్తీల్లోనూ అలాంటి ఇళ్ళున్నాయి. మావాళ్ళు లోపలికి వెళ్ళలేదు. పెరట్లో నిలబడి, ఎంతమంది ఉన్నారు, ఎవరికి జ్వరం అని కేకేసి అడిగి రాసుకున్నారు."

కేకేసి అడిగి రాసుకున్నారు. అంతే చాలు. వరసలో ఖాళీ బిందె పట్టుకుని భయపడ్డ నాలోని పిల్లకి ఆ ఆలోచనే రాలేదు. వండూర్‌లో కేక వేస్తే పది ఇళ్ళకి వినిపిస్తుంది.

పత్రికకి జవాబు ఉన్నదున్నట్టు రాశాం. కింద నా పేరొక్కటే పెడతానంటే హల్దార్ ఒప్పుకోలేదు, తన పేరూ పెట్టాడు. పేపరు వెనక్కొచ్చింది. ఆయన ప్రమోషన్ ఆ ఏడు ఆగిపోయింది. దాని గురించి నన్నొక్క మాట అనలేదు, అంటే బాగుండేది. మూడు తెలుగు బస్తీలూ ఆ ఏటి జాబితాలోకి ఎక్కాయి. ఆఫీసువాళ్ళు నన్ను మెచ్చుకున్నారు, ధైర్యంగా ఒప్పుకున్నానని. ఆ మెచ్చుకోలు వింటుంటే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇక చెప్పాల్సింది ఒక్క మనిషికే మిగిలింది.

మంగళవారం పొద్దున్న కామమ్మ వచ్చింది. గంప దించుకోనిచ్చి, మెట్ల మీద ఆమె పక్కనే కూర్చున్నాను. ఎప్పుడూ అలా కూర్చోలేదు, ఆమె కొంచెం జరిగింది. సర్వే గురించి, పుష్పవతికి నేను చెప్పిన మాట గురించి, ఒకటి గురించి, పది గురించి, నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. దాచలేదు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"అయితే ఆ పుష్పవతమ్మ మా గుమ్మం దాకా వొచ్చిందా?"

"వచ్చింది."

"మండలు సూసి ఎల్లిపోనాదా?"

"నేనే వెళ్ళిపొమ్మన్నాను కామమ్మా. తప్పు నాది."

ఆ మాట ఆమెకి వినిపించినట్టు లేదు. రోడ్డు మీదికి చూస్తోంది.

"మండలు కట్టింది నాను" అంది. "నా సేత్తో కట్టినాను. కట్టకపోతే లోనికి వొచ్చును. వొస్తే రాసుకొనును. రాసుకుంతే దవాయి వొచ్చును గదా."

"కాదు, అలా కాదు. నువ్వు కట్టినా బయటి నుంచి అడిగి ఉండొచ్చు. నేను అడగనివ్వలేదు. నేను..."

"నానే తలుపు మూసీసినాను దీదీ. నా బిడ్డకి నానే మూసీసినాను."

నేను వారాల తరబడి కట్టిన లెక్కని ఆమె మూడు మాటల్లో కట్టేసింది, తప్పుగా. ఎంత చెప్పినా ఆ తప్పు దిద్దలేకపోయాను. నా గుండె బరువు దించుకుందామని మెట్ల మీద కూర్చున్నాను. దించాను కూడా, తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టాను. కామమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వీధికి చేపలు తేలేదు.

*

జూన్‌లో మళ్ళీ సర్వే. ఈసారి సూచనల కాగితంలో, వేపమండలు కట్టిన ఇంటి దగ్గర వాకిట్లో నిలబడి అడగాలి, తప్పనిసరిగా, అని పెద్దక్షరాలతో రాశాను. వండూర్‌కి పుష్పవతితో నేనూ వెళ్ళాను. ఆఫీసర్లు వెళ్ళనక్కర్లేదు. వెళ్ళకుండా ఉండలేకపోయాను.

వాన కురుస్తోంది. కామమ్మ ఇల్లు ఒడ్డుకి మూడో వరసలో. జల్లు లోపలికి కొడుతున్నా తలుపు బార్లా తీసే ఉంది, గడప లోపల నేలంతా తడి. గుమ్మానికి ఏ ఆకూ లేదు. అప్పలరాముడు ఒక మూల వల బాగుచేసుకుంటూ మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎప్పుడూ ఇంతే" అని గొణిగాడు. "ఆ తలుపు ఎయ్యనివ్వదు. వానొచ్చినా ఎయ్యనివ్వదు."

నేను వాకిట్లోనే ఆగిపోయాను. పుష్పవతి కాగితం నా చేతిలో పెట్టి పక్కకి జరిగింది. నేనే అడిగాను.

"ఇంట్లో ఎంతమంది కామమ్మా?"

"ఇద్దరం."

"జ్వరం ఎవరికైనా ఉందా?"

"నేదు."

రాసుకున్నాను. ఇద్దరు, జ్వరం లేదు. ఆ ఇల్లు మా లెక్కలోకి ఎక్కడం అదే మొదటిసారి. నూకన్న అంతకుముందు ఒక్కచోటే ఉన్నాడు, చనిపోయినవాళ్ళ పట్టీలో. బతికున్నవాడిగా వాణ్ణి మేమెక్కడా రాసుకోలేదు. కాగితం మడిచి వెనక్కి తిరగబోతుంటే కామమ్మ పిలిచింది.

"దీదీ, అప్పుడు రాసుకోనేదన్నావు గదా. లోనికి రా. అదీ రాసుకో."

గడప దాటి తడి నేల మీద నిలబడ్డాను. ఆమె నా చేతిలో కలం వైపే చూస్తూ చెప్పింది, పుష్పవతి నిరుడు అడిగి ఉంటే ఎలా చెప్పేదో అలాగే.

"ముగ్గురం. అప్పలరాముడు, జొరం. కామమ్మ, జొరం నేదు." మూడో వేలు మడిచింది. "నూకన్న. ఇరవై రెండేళ్ళు. బాగున్నాడు."

కాగితంలో దానికి గడి లేదు. వెనక్కి తిప్పి రాశాను.